ఏడో నంబరు వీపున గుంట ఎందుకు?

"మా నాన్న గోల్ఫ్ మైదానంలో క్యాడీ. ఆడేవాళ్ళ కర్రల సంచి మోస్తారు. ఈమధ్య ఒక పెద్దాయన కొత్త ఐరన్ల (ఇనుప తల కర్రల) సెట్టు కొనుక్కుని, పాతది నాన్నకి ఇచ్చేశారు. పాత ఏడో నంబరు కర్ర తల వీపు నిండుగా, నున్నగా ఉంది. కొత్త ఏడో నంబరు వీపున గరిటెలాగా గుంట ఉంది. అంత ఇనుము తీసేస్తే దెబ్బలో బలం తగ్గాలి కదా? కానీ ఆ పెద్దాయన పాతదానికంటే ఇరవై గజాలు ఎక్కువ కొడుతున్నారని, బంతి పొదల్లోకి పోవడం కూడా తగ్గిందని నాన్న చెప్తున్నారు. ఇదెలా?"

విశాఖపట్నం నుంచి ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది.

తల్లీ, ఇనుము తీసేస్తే దెబ్బ బలం తగ్గాలన్న నీ అనుమానం సరైనదే. నిజంగా బరువు తగ్గితే బలమూ తగ్గేదే. అయితే రెండు కర్రల తలలనూ ఊడదీసి కాటాలో వేస్తే, తూకం దాదాపు ఒకటే వస్తుంది. ఏడో నంబరు తల 270 గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, పాతదైనా కొత్తదైనా. అంటే గుంటలోంచి తీసిన ఇనుము ఎక్కడికీ పోలేదు, ఆ తలలోనే మరో చోట కూర్చుంది. ఎక్కడ కూర్చుందో తెలిస్తే నీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. మిగతా సగం కర్ర అడుగున చెక్కిన "7" అనే అంకెలో దాగి ఉంది. దాని సంగతి తర్వాత.

నేను గోల్ఫ్ ఆడినవాణ్ణి కాను. బిళ్ళంగోడు, వీధి క్రికెట్టు, అంతే. కానీ ఈ విషయంలో ఏ ఆటైనా ఒకటే. బంతి బ్యాటు కొసకు తగిలితే చేతులు జివ్వుమంటాయి, బంతి నీరసంగా పక్కకు పోతుంది. సరిగ్గా తగలాల్సిన చోట తగిలితే చేతికి ఏమీ తెలియదు. బంతి మాత్రం దూసుకుపోతుంది. ఆ చోటును స్వీట్ స్పాట్ (తీపి బిందువు అనొచ్చు) అంటారు. గోల్ఫ్ కర్ర ముఖం మీదా అలాంటి చోటు ఒకటుంది.

అది ఎక్కడ ఉంటుందో తెలుసుకోవాలంటే ఇంట్లో భోజనాల పీట ఒకటి తీసుకో. నున్నటి గచ్చు మీద పెట్టి, ఒక అంచున సరిగ్గా మధ్యలో వేలితో టక్కున తొయ్యి. సూటిగా జరుగుతుంది. ఇప్పుడు అదే అంచున మూల దగ్గర తొయ్యి. పీట కొంచెం జరిగి, కొంచెం గిర్రున తిరుగుతుంది. నువ్వు పెట్టిన బలంలో కొంత తిప్పడానికే ఖర్చయిపోయింది. మీ సైన్సు పుస్తకంలో గరిమనాభి అనే మాట వస్తుంది. వస్తువు బరువంతా అక్కడే ఉన్నట్టు ప్రవర్తించే బిందువు. దెబ్బ దాని మీదుగా పోతే వస్తువంతా ఒక్కటై ఎదురు నిలుస్తుంది. దెబ్బ పక్కకు తప్పితే వస్తువు తిరుగుతుంది.

గోల్ఫ్ కర్ర తల కూడా ఇలాగే తిరుగుతుంది. కర్రకు దూరంగా ఉన్న కొసను టో (కాలి వేళ్ళ వైపు) అంటారు, కర్ర దిగే వైపును హీల్ (మడమ) అంటారు. బంతి టో వైపు తగిలితే తల వెనక్కి మళ్ళుతుంది. ముఖం చూసే దిక్కు మారిపోతుంది కాబట్టి బంతి పక్కకు పోతుంది. తలను తిప్పడానికి కొంత బలం పోయింది కాబట్టి తక్కువ దూరం పోతుంది. ఒక్క తప్పుకు రెండు శిక్షలు.

ఇక్కడ నీకు ఇంకో అనుమానం రావాలి. ఆడేవాడు కర్రను రెండు చేతులా బిగించి పట్టుకుంటాడు కదా, తల ఎలా తిరగగలదు? నాకూ చాలాకాలం ఇది అర్థం కాలేదు. దీనికి జవాబు కాలంలో ఉంది. బంతి, కర్ర ముఖం ఒకదాన్నొకటి తాకి ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు. ప్రొఫెషనల్ ఆటగాడి ఏడో నంబరు తల సెకనుకు 40 మీటర్ల వేగంతో వస్తుంది. అంత వేగంలో కూడా ఆ రెండువేలవ వంతులో అది కదిలేది రెండు సెంటీమీటర్లే. టో దగ్గర దెబ్బ తగిలిందన్న వార్త సన్నటి కర్ర గుండా చేతుల దాకా పోయి, చేతుల పట్టు తిరిగి తల దాకా వచ్చేసరికి బంతి ముఖం వదిలి వెళ్ళిపోయి ఉంటుంది. కాబట్టి ఆ క్షణంలో కర్ర తల ఒంటరిది, గాల్లోకి విసిరిన ఇనుప ముక్కలాంటిదే. ఎంత బలమైన చేతులైనా ఆ తిరుగుడును ఆపలేవు. తిరగకుండా నిలబడే గుణం ఆ ముక్కకే ఉండాలి.

ఆ గుణం ఎలా వస్తుంది? కావడి మోసేవాళ్ళను నువ్వు చూశావో లేదో. ఇప్పుడవి సుబ్రహ్మణ్యస్వామి గుళ్ళ దగ్గర కనిపిస్తున్నాయి కానీ, మా చిన్నప్పుడు ఇంటికి మంచినీళ్ళు కావడిలోనే వచ్చేవి. కావడిబద్దకు రెండు కొసలా రెండు బిందెలు. ఉత్త బద్ద భుజాన వేసుకుంటే పిల్లవాడైనా గిర్రున తిప్పేస్తాడు. నిండు బిందెలు కొసల్లో వేలాడుతుంటే మాత్రం సందు మలుపు తిరగడానికి ఆ నీళ్ళ మనిషి ఆగి, అడుగులో అడుగు వేసుకుంటూ, నెమ్మదిగా ఒళ్ళంతా తిప్పేవాడు. ఒకసారి తిరగడం మొదలుపెడితే ఆపడమూ అంతే కష్టం. మా వీధి మలుపులో గోడ సున్నం ఎప్పుడూ గీరుకుపోయి ఉండేది.

ఇప్పుడు ఆ రెండు బిందెలనూ కొసల నుంచి తెచ్చి, భుజానికి అటూ ఇటూ ఆనించి కట్టామనుకో. మోసే బరువులో తేడా లేదు. కానీ తిరగడం సులువైపోతుంది. అంటే ఒక వస్తువు తిరగడానికి ఎంత మొరాయిస్తుందన్నది దాని బరువు మీదే కాదు, ఆ బరువు నడిమి నుంచి ఎంత దూరాన ఉందన్న దానిమీద కూడా ఆధారపడుతుంది. పైగా ఆ దూరం లెక్క చాలా ఉదారమైనది. బరువును రెండింతల దూరం జరిపితే మొరాయింపు నాలుగింతలవుతుంది. మూడింతల దూరమైతే తొమ్మిదింతలు. దీన్ని జడత్వ భ్రామకం అంటారు. పేరు ఇంటర్లో వస్తుంది, విషయం మాత్రం కావడి మోసినవాడికి ఎప్పుడో తెలుసు.

పాత ఏడో నంబరు వీపు చూడు. నడుమ మందం, అంచులు పల్చన. బిందెలు భుజం పక్కన కట్టిన కావడి అది. కొత్తదాని నడుమ గుంట, చుట్టూ గట్టు. బిందెలు కొసల్లో ఉన్న కావడి. అందుకే బంతి మధ్యకు ఒక సెంటీమీటరు తప్పి తగిలినా కొత్త తల అంతగా తిరగదు. బంతి అంతగా పక్కకు పోదు, అంతగా దూరమూ తగ్గదు. పొదల్లోకి పోయే బంతులు తగ్గడానికి ముఖ్య కారణం ఇది. పెద్దాయన చెయ్యి తిరగడం కూడా కారణం కావచ్చు, కాదనను.

ఇంత చిన్న విషయం ముందువాళ్ళకు ఎందుకు తట్టలేదు? కర్రలు చేసిన పద్ధతిలో ఉంది కారణం. ఇనుప తలలు మొదట్లో కమ్మరి కొలిమిలో తయారయ్యేవి. ఎర్రగా కాల్చిన ఇనుప ముద్దను సమ్మెటతో కొట్టి సాగదీస్తే నిండు పలక వస్తుంది. కొడవలి, కత్తి, పలుగు అన్నీ అలా వచ్చినవే. సమ్మెట దెబ్బతో గుంట పెట్టి చుట్టూ సమానమైన గట్టు నిలపడం తేలిక కాదు. చెయ్యి ఏది సులువుగా చేయగలదో వస్తువుకు ఆ రూపమే వచ్చింది. తరాలు గడిచేసరికి అదే అందమైన రూపం అనిపించింది.

ఈ రూపాన్ని ప్రశ్నించిన మనిషి పేరు కార్‌స్టెన్ సోల్‌హైమ్. 1911లో నార్వేలోని బెర్గెన్‌లో పుట్టి, పసితనంలోనే అమెరికా చేరినవాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడు, ఇతనూ కొంతకాలం ఆ పనే చేశాడు. తర్వాత ఇంజనీరై జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో చేరాడు. గోల్ఫ్ కర్ర పట్టుకున్నది 42 ఏళ్ళ వయసులో, తోటి ఉద్యోగుల బలవంతం మీద. బంతిని గుంతలోకి దొర్లించే చిన్న కర్ర, అదే పటర్, అతని మాట వినలేదు. మనమైతే మన చెయ్యి బాగాలేదనుకుంటాం. ఇతను కర్ర బాగాలేదనుకున్నాడు. పుల్ల ఐసు పుల్లలకు చక్కెర బిళ్ళలు అంటించి, బరువు నడుమ ఉంటే ఏమవుతుంది, రెండు కొసల ఉంటే ఏమవుతుంది అని చూశాడని చెబుతారు. కావడి లెక్కే! 1959లో కాలిఫోర్నియాలోని తన ఇంటి కారు షెడ్డులో బరువును రెండు కొసలకూ జరిపి ఒక పటర్ చేశాడు. బంతి తగిలినప్పుడు అది "పింగ్" అని మోగేది. కంపెనీకి ఆ మోతే పేరయింది.

పటర్‌కు పనికొచ్చిన లెక్క ఐరన్‌కు పనికిరాదా? ఐరన్ల వీపునా గుంటలు పెట్టడం మొదలుపెట్టాడు. 1969లో అచ్చుపోసిన కార్‌స్టెన్ ఐరన్లు వచ్చాయి. 1982లో వచ్చిన పింగ్ ఐ2 అనే సెట్టు విపరీతంగా అమ్ముడుపోయింది. ఆ తర్వాత గుంట లేని ఐరన్ చేసేవాళ్ళు తక్కువైపోయారు. అమెరికా, ఐరోపా మహిళా జట్ల మధ్య జరిగే సోల్‌హైమ్ కప్ ఈయన పేరు మీదిదే.

"అచ్చుపోసిన" అన్నాను చూడు, అది ముఖ్యమైన మాట. కొట్టి చేయలేని రూపాన్ని పోసి చేయొచ్చు. ముందు మైనంతో కర్ర తల బొమ్మ చేస్తారు, గుంటతో, గట్టుతో సహా. దానిచుట్టూ పింగాణీ మట్టిలాంటి పూత పొరలు పొరలుగా పట్టించి, ఆరనిచ్చి, కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది. లోపల మిగిలిన ఖాళీలోకి కరిగిన ఉక్కు పోస్తారు. చల్లారాక పూత పగలగొడితే తల బయటికి వస్తుంది. ఇది అమెరికా కనిపెట్టిన విద్య కాదు. ఆదిలాబాద్ ప్రాంతపు ఓజులు డోక్రా ఇత్తడి బొమ్మలు చేసేది ఈ మైనం పద్ధతిలోనే. మట్టి ముద్ద మీద మైనపు దారాలు చుట్టి, పైన మళ్ళీ మట్టి మెత్తి, కాల్చి, ఇత్తడి పోస్తారు. నెమలి బొమ్మకూ గోల్ఫ్ కర్రకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉంటుందని నేనూ అనుకోలేదు.

ఇంకో చిక్కు ఉంది. కర్ర వచ్చి తలలో దిగే గొట్టం, దాన్ని హోసెల్ (మెడ) అంటారు, ఎప్పుడూ మడమ వైపే ఉంటుంది. అక్కడ ఇనుము ఎక్కువ కాబట్టి గరిమనాభి కూడా మడమ వైపు లాగుతుంది. మనం కొట్టాలనుకునేది ముఖం నడుమ, అసలు తీపి బిందువు ఉండేది కాస్త పక్కన. ఇప్పటి ఖరీదైన ఐరన్లలో టో వైపు అడుగున టంగ్‌స్టన్ ముక్క దాస్తారు. పాత ఫిలమెంటు బల్బులో వెలిగే తీగ లోహమే అది. ఘనసెంటీమీటరు ఉక్కు 8 గ్రాములకు కాస్త తక్కువ తూగితే, అంతే టంగ్‌స్టన్ 19 గ్రాముల పైన తూగుతుంది. చిన్న జాగాలో పెద్ద బరువు. దాంతో గరిమనాభి నడుమకు వస్తుంది, కావడి కొసన బిందె ఇంకా బరువెక్కుతుంది.

గురి సంగతి ఇంతవరకు. ఇక దూరం. ఇరవై గజాలు ఎక్కడివి?

గుంట బంతిని తోయదు. ఈ మాట దగ్గర చాలామంది పొరబడతారు. గుంట చేసిన పనివల్ల ఇంకో పని సాధ్యమైంది, దానివల్ల మరొకటి. ఆ వరస చెప్పాలంటే ముందు బంతి గాల్లోకి ఎలా లేస్తుందో చూడాలి.

ఐరన్ ముఖం నిట్టనిలువుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలును లాఫ్ట్ అంటారు. గోడకు ఆనించిన నిచ్చెన లాంటిది. నిచ్చెనను నిటారుగా నిలిపితే వాలు తక్కువ, పడుకోబెట్టినకొద్దీ వాలు ఎక్కువ. వాలు ఎక్కువైతే బంతి ఎత్తుగా లేచి దగ్గర్లో పడుతుంది. వాలు తక్కువైతే ఎత్తు తగ్గి ముందుకు పోతుంది. నంబర్లు పెరిగినకొద్దీ వాలు పెరుగుతుంది, కర్ర పొడవు తగ్గుతుంది. అందుకే ఐదో నంబరు దూరానికి, తొమ్మిదో నంబరు దగ్గరికి. సంచిలో అన్ని కర్రలుండటానికి కారణం ఇదే. ఆట నిబంధన 14 కర్రలు దాటనివ్వదు.

వాలిన ముఖం బంతిని తోయడమే కాదు, తిప్పుతుంది కూడా. బంతి ముందుకు పోతూ వెనక్కి తిరుగుతుంది. ప్రొఫెషనల్ ఏడో నంబరు దెబ్బకు బంతి నిమిషానికి 7,000 చుట్ల లెక్కన తిరుగుతుంది. అలా తిరిగే బంతి తనచుట్టూ గాలిని కిందికి మళ్ళిస్తుంది, గాలి బంతిని పైకి ఎత్తుతుంది. అందుకే గోల్ఫ్ బంతి విసిరిన రాయిలా కాకుండా కాసేపు పక్షిలా తేలుతుంది. గాలి లేకపోతే ఈ తేలడమే ఉండదు. 1971 ఫిబ్రవరిలో అపోలో 14 వ్యోమగామి అలన్ షెపర్డ్ చంద్రుడి మీద ఆరో నంబరు ఐరన్ తలను మట్టి నమూనాలు తీసే సాధనం పిడికి తగిలించి రెండు బంతులు కొట్టాడు. బరువైన సూటులో ఒంటిచేత్తో కొట్టిన దెబ్బలవి. మైళ్ళకు మైళ్ళు పోయిందని సరదాగా అన్నాడు కానీ, తర్వాత ఫొటోలు పరిశీలించి కొలిస్తే రెండో బంతి పోయింది 40 గజాలే. ఆకర్షణ ఆరోవంతే ఉన్న చోట కూడా!

సరే, భూమి మీదికి వద్దాం. వీపు మధ్యలోంచి తీసిన ఇనుములో ఎక్కువ భాగం తల అడుగుకు చేరింది. కొత్త కర్ర అడుగు పాతదానికంటే వెడల్పుగా ఉంటుంది, మీ నాన్నగారిని చూపించమను. దానివల్ల గరిమనాభి కిందికీ కొంత వెనక్కీ జరిగింది. బంతి గడ్డి మీద ఉంటుంది, దాని నడుము నేలకు రెండు సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తున మాత్రమే. మామూలు ఆటగాళ్ళు తరచుగా దాన్ని ముఖం మీద కింది భాగంతోనే కొడతారు. గరిమనాభి పైన, దెబ్బ కింద అయితే ఏమవుతుంది? మళ్ళీ పీట గుర్తు తెచ్చుకో. తల ముందుకు ఒరుగుతుంది, వాలు తగ్గిపోతుంది, బంతి నేలబారుగా నీరసంగా పోతుంది. పాత కర్రలతో ఇదే జరిగేది. గరిమనాభి కిందికి దిగాక ఆ దెబ్బ కూడా బంతిని పైకి లేపడం మొదలుపెట్టింది.

ఎంతగా లేపిందంటే, బంతి మరీ ఎత్తుగా పోసాగింది. ఎత్తుగా పోతే దూరం తగ్గుతుంది. అప్పుడు తయారీదారులు ఏం చేశారు? నిచ్చెనను కొంచెం నిటారుగా నిలిపారు. వాలు తగ్గించారు. బంతి ఎత్తు మళ్ళీ పాత ఎత్తుకు దిగింది, ముందుకు పోయే వేగం మాత్రం మిగిలిపోయింది.

ఇప్పుడు "7" అంకె దగ్గరికి వచ్చాం. 1980 ప్రాంతంలో ఏడో నంబరు వాలు సుమారు 36 డిగ్రీలు. ఇవాళ మామూలు ఆటగాళ్ళ కోసం చేసే సెట్లలో అది 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటోంది. పాత సెట్లలో ఆ వాలు ఐదో నంబరుది! కర్ర పొడవు కూడా అర అంగుళం దాకా పెరిగింది. అంటే పెద్దాయన కొత్త ఏడో నంబరుతో కొడుతున్నది, వాలు ప్రకారం చూస్తే, పాత ఐదో నంబరు దెబ్బ. ఇరవై గజాల్లో చాలా భాగం అక్కడే దొరుకుతుంది. ఈ నంబర్ల జారుడును కొందరు మోసం అంటారు. దుకాణంలో "మా ఏడు మీ ఏడు కంటే దూరం" అని అమ్మడానికి ఇది బాగా పనికొచ్చిన మాట నిజమే. కానీ మొత్తం మోసమనడం అన్యాయం. పాత ఐదో నంబరును అందరూ అంత ఎత్తుకు లేపలేకపోయేవారు. ఆ ఎత్తు గుంట పుణ్యమే.

మిగిలిన గజాలు ముఖం పల్చదనం నుంచి వస్తాయి. వీపున ఆనింపు లేదు కాబట్టి గట్టి ఉక్కుతో చేసిన ముఖాన్ని రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ పలచగా చేయొచ్చు. అలాంటి ముఖం దెబ్బకు కొంచెం లోపలికి వంగి తిరిగి వస్తుంది. బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాళ్ళకు ఇది తెలిసే ఉంటుంది. బ్యాటు గట్టింగు కాస్త వదులుగా ఉంటే పసుపు బంతి ఎక్కువ దూరం పోతుంది. ఎందుకంటే బంతి నలిగినప్పుడు దాని శక్తి కొంత లోపల వేడిగా మారి పోతుంది. తాకిన వస్తువే కొంచెం వంగితే బంతి తక్కువ నలుగుతుంది, తక్కువ పోగొట్టుకుంటుంది. వంగిన తీగలూ, వంగిన ఉక్కూ తీసుకున్నదాన్ని దాదాపుగా తిరిగి ఇచ్చేస్తాయి. ఇది ఎంతవరకు ఉండొచ్చో ఆట నిబంధనలు ఒక హద్దు గీశాయి. లేకపోతే మైదానాలు చాలవు.

అయితే దూరం ఊరికే రాదు. ఐరన్ పని బంతిని వీలైనంత దూరం కొట్టడం కాదు, అనుకున్న చోట దింపి ఆపడం. గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి ఉంటుంది, దాన్ని గ్రీన్ అంటారు. ప్రొఫెషనల్ ఏడో నంబరు బంతి దానిమీదికి సుమారు 50 డిగ్రీల కోణంలో నిలువుగా దిగుతుంది, వెనక్కి తిరుగుతూ దిగుతుంది. అందుకే పడినచోట నాలుగడుగుల్లో ఆగుతుంది. వాలు తగ్గిస్తే తిరుగుడు తగ్గుతుంది, దిగే కోణమూ తగ్గవచ్చు. బంతి గ్రీన్ మీద పడి, గచ్చు మీద గోలీలా దొర్లి అవతల పడుతుంది. ఇరవై గజాలు ఎక్కువ పోయి ఇసుక గుంటలో పడ్డ బంతి వల్ల లాభమేమిటి?

ముఖం మీది గాడులు ఈ తిరుగుడు కోసమే. అవి బంతిని గీరి తిప్పుతాయని చాలామంది అనుకుంటారు. కానీ పొడిగా, శుభ్రంగా ఉన్న బంతిని గాడులు లేని ముఖం కూడా దాదాపు అంతే తిప్పుతుంది. గాడుల అసలు పని లారీ టైరు మీది గాడుల పనే, మధ్యలో ఇరుక్కున్న నీటినీ గడ్డి రసాన్నీ పక్కకు తప్పించడం. గాడి అంచు ఎంత పదునుగా ఉండాలనే దానిమీద పెద్ద తగాదాలే జరిగాయి. 2010లో నిబంధనలు ఆ పదును తగ్గించాయి.

ఇంకో తలనొప్పి సంచి రెండో చివర మొదలైంది. అన్ని నంబర్ల వాలూ తగ్గేసరికి, పిచింగ్ వెడ్జ్ అనే దగ్గరి దెబ్బ కర్ర కూడా 43, 44 డిగ్రీలకు వచ్చింది. ఇసుకలోంచి లేపే వెడ్జ్ వాలు మాత్రం 54, 56 డిగ్రీల దగ్గరే ఉంది, దాని పని అలాంటిది. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీ పూడ్చడానికి ఇంకో వెడ్జ్ కొనాలి. మరోవైపు రెండు, మూడు నంబర్ల ఐరన్లు మరీ నిటారుగా అయిపోయి కొట్టలేనివై సంచిలోంచి మాయమయ్యాయి. ఒకటో నంబరైతే ఎప్పుడూ భయంకరమే. నిజంగానే పిడుగు దెబ్బ తిన్న ఆటగాడు లీ ట్రెవినో, ఉరుములు వస్తే ఒకటో నంబరు ఐరన్ పైకెత్తి నిలబడితే చాలు, దేవుడు కూడా దాన్ని కొట్టలేడని వేళాకోళం చేసేవాడు.

మరి నిండు వీపు కర్రలు చచ్చిపోయాయా అంటే లేదు. టైగర్ వుడ్స్ ఇంతకాలం ఆడింది దాదాపు అలాంటి ఐరన్లతోనే. ఎప్పుడూ నడుమనే కొట్టగలిగేవాడికి క్షమాగుణం ఉన్న కర్ర అంతగా అక్కర్లేదు. అతనికి కావలసింది ప్రతిసారీ అంతే దూరం. పల్చటి ముఖం ఒక్కోసారి అనుకున్నదానికంటే పది గజాలు ఎక్కువ విసిరేస్తుంది, అది అతనికి పొదలో పడటం కన్నా చిరాకు. దెబ్బ ఎక్కడ తగిలిందో చేతికి తెలియడం కూడా అతనికి కావాలి. చాలామంది ప్రొఫెషనల్స్ మధ్యేమార్గంగా దూరపు నంబర్లు గుంటవి, దగ్గరి నంబర్లు నిండువి పెట్టుకుంటారు. నాకు తెలివైన పని అనిపించింది ఇదే.

గురికి సంబంధించి ఒక చిన్న సంగతి మర్చిపోయాను. కర్ర నేలతో చేసే కోణం, దాన్ని లై అంటారు, మనిషి ఎత్తుకు సరిపోకపోతే ఎంత మంచి గుంటా పనికిరాదు. ఒక అట్టముక్కను వాలుగా నీ ముందు పట్టుకో. ఇప్పుడు దాని కుడి కొసను కొంచెం పైకి లేపు. అట్ట ఎడమకు చూస్తోంది కదా? కర్ర టో గాల్లోకి లేచినా ఇంతే, కుడిచేతివాటం వాళ్ళ బంతి ఎడమకు పోతుంది. వాలు ఎక్కువున్న కర్రల్లో ఈ తప్పు ఇంకా పెద్దది. సోల్‌హైమ్ ఇందుకోసమే తలల మీద రంగు చుక్కలు పెట్టాడు, ఏ ఎత్తు మనిషికి ఏ రంగు అని. పెద్దాయన పాత సెట్టు మీ నాన్నగారికి సరిపోతుందో లేదో దీన్నిబట్టి ఒకసారి చూసుకోవాలి. ఇద్దరి ఎత్తూ ఒకటి కాకపోవచ్చు.

ఇక నీకు రెండు పనులు. ఒక అడుగు స్కేలు తీసుకుని, రెండు నిమ్మకాయలను దాని నడుమ రబ్బరు బ్యాండుతో కట్టు. నడిమిన పట్టుకుని మణికట్టుతో అటూ ఇటూ గబగబా తిప్పు. తర్వాత అవే నిమ్మకాయలను రెండు కొసలకు కట్టి మళ్ళీ తిప్పు. తేడా నీ మణికట్టుకే తెలుస్తుంది.

రెండో పనికి నాన్నగారి సాయం, ఆ పెద్దాయన అనుమతి కావాలి. పాత సెట్టులోని ఏడో నంబరును, కొత్త సెట్టులోని తొమ్మిదో నంబరును గచ్చు మీద అడుగు ఆనేలా పక్కపక్కన నిలబెట్టండి. కర్రలు రెండూ ఒకే తీరుగా ఉండాలి. నువ్వు నేలకు వంగి, పక్కనుంచి ఒక కన్ను మూసి రెండు ముఖాల వాలూ చూడు. సెట్టును బట్టి ఒకటి రెండు డిగ్రీల తేడా ఉండొచ్చు. ఏం కనిపించిందో కార్డు రాయి.